గోనెసంచుల మీద నిద్ర

చల్ల మిరపకాయలు తడిశాయి. జరిగింది అంతే. కానీ దాని మీద అత్తాకోడళ్లకు మాటామాటా పెరిగి, వంటింట్లో గిన్నెల చప్పుడు పెద్దదై, చివరికి ముందు దుకాణంలో గల్లా మీద కూర్చున్న సుమన్ లేచి లోపలికి రావలసి వచ్చింది.

"మబ్బు పట్టింది, చాట లోపల పెట్టుమని నీకు చెప్పిన్నా లేదా?" అంటోంది సులోచనమ్మ. "చెప్పి బీరువ సర్దుకోను పోయిన. వచ్చి చూస్తే నా మిరపకాయలు ఈత కొడుతున్నయి."

"మీరు చెప్పలేదత్తమ్మా," అంది ప్రసన్న, పోపులో గరిటె తిప్పుతూనే.

"చెప్పలే? గీ నోటితోనే చెప్పిన."

"చెప్తే తియ్యకపోదునా? మిరపకాయల మీద నాకేం పగ?"

"పగ మిరపకాయల మీద కాదు, ఎండబెట్టినదాని మీద."

ఇలాంటి తగువులకు ఆ ఇంట్లో ఒక నడక ఉంది. కాసేపు అత్త అంటుంది, కాసేపు కోడలు అంటుంది. తరువాత ఇద్దరూ మూతులు బిగించుకుని చెరో పనిలో పడతారు. సాయంత్రం చాయ్ పెట్టే వేళకు "శక్కర ఎక్కువెయ్యకు" అని సులోచనమ్మ అంటే తగువు తీరినట్టే. ఎవరిది తప్పో తేలదు. తేలాలని ఇద్దరిలో ఎవరికీ ఉండదు.

ఆ రోజు సుమన్ దాన్ని చాయ్ దాకా పోనివ్వలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు. "ఎందుకు లొల్లి? చూస్తే అయిపోతది గద."

వెనక వరండాలో ఉన్న కెమెరా బొమ్మ ఫోన్‌లోకి వచ్చింది. మాటలు కూడా వినిపించే కెమెరా అది. సులోచనమ్మ గడప దగ్గరికి వచ్చింది, ఆకాశం వైపు చూసింది, వంటింటి వైపు తిరిగి నోరు తెరిచింది. అంతలో చేతిలో ఫోన్ మోగింది. చెల్లెలి ఫోన్. "ఆఁ చెప్పవే, ఆపరేషన్ ఎప్పుడంటరు?" అంటూ లోపలికి పోయింది. చాట అక్కడే ఉండిపోయింది. కాసేపటికి జల్లు మొదలైంది.

"చూసినవా అమ్మా? చెప్దామనుకున్నవ్, చెప్పలే. కేస్ ఖతం," అని నవ్వాడు సుమన్.

సులోచనమ్మ ఆ ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, అందులో తాను నోరు తెరిచిన చోటు మళ్లీ చూసింది. "చెప్పినట్టే యాదికున్నది," అంది మెల్లగా. తడిసిన మిరపకాయలను గుడ్డ మీద పరుచుకుంటూ కూర్చుంది.

ప్రసన్న గెలిచింది. కానీ ఆ సాయంత్రం చాయ్ మాటల్లేకుండానే అయిపోయింది. మర్నాటి నుంచి సులోచనమ్మ ఏది చెప్పాలన్నా ముందు తలెత్తి వరండా కెమెరా వైపు చూడడం మొదలుపెట్టింది. "ఇగో, చెప్తున్న. పప్పు దించు. వినపడ్డది గద?" అది కోడలితో అన్నదో, కెమెరాతో అన్నదో తెలిసేది కాదు. సుమన్ మాత్రం ప్రతిసారీ నవ్వేవాడు.

మరిపెడ మార్కెట్ రోడ్డు మీద ఉంది వాళ్ల ఇల్లు. ముందు భాగం హోల్‌సేల్ కిరాణం. పక్కన సన్నటి గల్లీ. గల్లీలోకి వెళితే ఒకవైపు గోదాము, దాన్ని దాటితే వెనక వరండా. రెండేళ్ల కింద గోదాము తాళం పగిలింది. పోయినవి నూనె డబ్బాలే అయినా, సుమన్ తండ్రి సోమేశ్వర్‌కు నిద్ర పట్టలేదు. మొబైల్ దుకాణం శ్రీశైలం వచ్చి, "నాలుగు కెమెరాలు పెట్టు, అయిదోది తక్కువకిస్త," అన్నాడు. మూడు దుకాణంలో పెట్టారు, ఒకటి రోడ్డు వైపు. అయిదోది ఎక్కడ పెట్టాలో తోచక, గోదాము వెనక కూడా ఒకటి ఉండనీ అని వెనక వరండాలో బిగించారు.

కెమెరా చూపించమని మొట్టమొదట వచ్చినవాడు ఎదురుగా చాయ్ బండి నడిపే రాజలింగు. అతని గిరాకీ ఒకాయనవి చెప్పులు మారిపోయాయి. సుమన్ రోడ్డు కెమెరా చూసి, ఎవరు ఎవరి చెప్పులు వేసుకుపోయారో చెప్పేశాడు. ఊరంతా పొగిడింది. తరువాత బండికి డ్యాష్ ఇచ్చిన ఆటో ఏదో చూపించమని ఒకరు వచ్చారు. కొడుకు కాలేజీ బస్సు ఎక్కాడో లేదో చూడాలని ఒక మాస్టరు వచ్చాడు. కోడలు దవాఖానకని చెప్పి ఎటు పోయిందో చూడాలని ఒకామె కొంగు నెత్తిన కప్పుకుని వచ్చింది.

సుమన్ ఎవరినీ కాదనలేదు. గల్లా దగ్గరికి వచ్చిన మనిషిని లేదని పంపకూడదన్నది ఆ ఇంటి వ్యాపార పద్ధతి. అడిగిన సరుకు లేకపోతే పక్క దుకాణం నుంచి తెప్పించి అయినా ఇస్తారు. కెమెరా కూడా అలా ఒక సరుకైంది. వచ్చినవాళ్లు చూసుకుని, ఊరికే పోవడం బాగుండదని ఒక సబ్బో పావు కిలో బెల్లమో కొనుక్కుని పోయేవారు. "ఊరి పంచాయితీలన్నీ మన దుకాణం కాడికే వస్తున్నయి," అని సోమేశ్వర్ మీసం సవరించుకునేవాడు.

ప్రసన్న హనుమకొండలో డిగ్రీ చదివింది. జనం మీద నిఘా అంటే పైనున్న ఎవరో బలవంతాన పెడతారని, జనం దానికి భయపడతారని చదువుకునే రోజుల్లో అనుకునేది. ఇక్కడ ఎవరూ బలవంతం చేయలేదు. జనమే వచ్చి అడిగారు. అడిగి, చూసి, సంతోషంగా పోయారు. ఆమె గమనించింది ఇంకొకటి. "ఏమైంది?" అని ఒకరినొకరు అడగడం తగ్గిపోయింది. "కెమెరాల చూద్దాం పా" అనేది ముందుగా వస్తోంది. రోడ్డు వైపు అరుగు మీద కూర్చుని ముచ్చట పెట్టుకునే ఆడవాళ్లు ఇప్పుడు ఆగకుండా వెళ్లిపోతున్నారు.

వెనక వరండాకు మాత్రం ఆడవాళ్లు వస్తూనే ఉన్నారు.

అంగడి రోజున చుట్టుపక్కల లంబాడీ తండాల ఆడవాళ్లు కూరగాయలు అమ్ముకుని, గల్లీలోంచి వెనక వరండాకు రావడం సులోచనమ్మ అత్త కాలం నుంచీ ఉన్నదే. ఖాళీ గంపలు అక్కడ దించుతారు. చల్లటి నీళ్లు తాగుతారు. పసిపిల్లకు పాలిచ్చేవాళ్లు పాలిస్తారు, జుట్టు విప్పి దువ్వుకునేవాళ్లు దువ్వుకుంటారు. ఆటో నిండేదాకా అది వాళ్ల చోటు. ఇంటి మగవాళ్లు ఆ వేళకు వరండా వైపు రారు. రావొద్దని ఎవరూ చెప్పలేదు, రారు అంతే.

రాజీ మాత్రం నిద్రపోయేది.

అమర్‌సింగ్ భార్య ఆమె. నలభై దాటి ఉంటాయి. బెండకాయలు, టమాటలు తెస్తుంది. సరుకు అమ్ముడుపోగానే అందరికంటే ముందు వచ్చి, మూలన పేర్చిన ఖాళీ గోనెసంచుల మీద ఒరిగి, కొంగు ముఖం మీదికి లాక్కుని, మాటల మధ్యలోనే నిద్రలోకి జారిపోతుంది. మొదటిసారి ప్రసన్న కంగారుపడి లేపింది. "పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్ననక్కా. జరసేపు పండనియ్యి," అంది రాజీ కళ్లు తెరవకుండానే. తరువాత లేచి చెప్పింది. "ఇంట్ల పగటిపూట నడుము వాలిస్తే తండంతా అడుగుతది, ఏమైంది, ఏ దవాఖానకు పోయినవ్ అని. రోగం లేకుంట పండుకుంటే సోమరిదంటరు. ఈడ నన్ను అడిగేటోళ్లు లేరు."

లేచాక ఆమె చేసే మొదటి పని, ముఖం కడుక్కోవడం. బుగ్గ మీద గోనె నేత అచ్చు పడి ఉంటుంది. నీళ్లు కొట్టుకుని, అరచేత్తో రుద్దుకుని, "పోయిందా అక్కా?" అని అడిగేది. "ఇంకొంచెం రుద్దు," అనేది ప్రసన్న. అది పోయేదాకా రాజీ గల్లీలోకి అడుగు పెట్టేది కాదు.

ఈ మధ్య ఒక అంగడి రోజు మర్నాడు పొద్దున్నే అమర్‌సింగ్ దుకాణానికి వచ్చాడు.

"రాం రాం సేటు."

"రా అమర్‌సింగ్. ఏం కావాలె?"

"సామాన్ ఏమొద్దు. జర కెమెరా సూడాలె."

"ఏం పోయింది?"

"ఏం పోలె." అమర్‌సింగ్ తలపాగా తీసి మోకాలు మీద పెట్టుకున్నాడు. "నిన్న పురుగుల మందుకని నేను గూడ ఈడికి వచ్చిన. మా ఇంటామె కూరగాయల కాడ లేదు. ఎంతసేపు సూసినా రాలె. ఇంటికొచ్చినంక అడిగితే అంగడిలనే ఉన్ననంటది. ఉంటే నాకు కనవడదా?"

సుమన్ ఆలోచించలేదు. ఎప్పటిలాగే గల్లా పక్కనున్న టీవీ అటు తిప్పి, రోడ్డు కెమెరా పెట్టాడు. చాయ్ గ్లాసులతో వచ్చిన రాజలింగు గ్లాసులు పట్టుకునే నిలబడ్డాడు. ఉప్పు సంచి కోసం వచ్చిన ఒకాయన కూడా మెడ సాచాడు.

ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని రాజీ వచ్చింది. అటూ ఇటూ చూసింది. గల్లీలోకి మళ్లింది. సుమన్ వేగం పెంచాడు. హమాలీలు లోపలికి పోయారు, వచ్చారు. లారీ డ్రైవర్ ఒకడు లోపలికి పోయాడు, చాలాసేపటికి తువ్వాలతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. ఆ తరువాత రాజీ వచ్చింది. కొంగు సరిచేసుకుంటోంది. ముఖం తడిగా ఉంది.

"మొఖం కడుక్కొని మరీ వచ్చింది," అన్నాడు రాజలింగు. అనేసి నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోవడంతో గ్లాసులు అక్కడ పెట్టి పక్కకు జరిగాడు.

అమర్‌సింగ్ తెర మీది నుంచి చూపు తిప్పలేదు. అతని మెడ నరం ఉబ్బడం తలుపు చాటు నుంచి ప్రసన్నకు కనిపించింది. గిరాకీ ఉన్నప్పుడు ఆ ఇంటి ఆడవాళ్లు గల్లా దగ్గరికి రారు. ప్రసన్న వచ్చింది.

"మా వరండాలనే ఉన్నదన్నా. నేను ఇంట్లనే ఉన్న. వచ్చింది, పండుకున్నది, లేచి పోయింది."

"పండుకున్నదా? పట్టపగలా? ఏం, పానం బాగలేదా?"

"మంచిగనే ఉన్నది. అలిసిపోయింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

దానికి ప్రసన్న దగ్గర ఒక జవాబు ఉంది. కానీ ఇంతమంది మగవాళ్ల ముందు చెప్పేది కాదు. అమర్‌సింగ్ ఆమె ముఖంలోకి కాకుండా నేల వైపు చూస్తూ అన్నాడు.

"నీ మాట కాదంటనా అక్కా. మా నాయిన కాలం సంది మీ దుకాణమే మాకు. గానీ ఇప్పుడు గీ రాజలింగు సూసిండు. గాయినెవరో గాయిన సూసిండు. మాపటికల్లా తండాకు పోతది గీ ముచ్చట. మా తమ్ముడు ప్రేమ్‌సింగ్ నిన్ననే ఆమెకు అంగడి బంద్ జెయ్యుమన్నడు. రేపు మా తండా పెద్ద నాయక్ ముంగట కూసుంటం. ఆడ నా మాట, నీ మాట ఎవడు వింటడు? కెమెరా ఉండంగ నోటిమాట ఎందుకంటరు."

"అరె, దీనికేంది పరేషాన్?" అన్నాడు సుమన్. అతని ముఖంలో కూడా రంగు మారింది, చేయకూడనిది చేశానని అప్పుడే తెలిసినట్టుంది. దాన్ని సరుకుతోనే సరిచేద్దామనుకున్నాడు. "వెనక వరండాల గూడ ఉన్నది కెమెరా. మాటలు గూడ వినవడతయి. పండుకున్నదంటే పండుకున్నట్టు కనవడతది. అనుమానం పోతది."

అమర్‌సింగ్ తలెత్తాడు. అతని కళ్లలో ప్రాణం వచ్చినట్టయింది. "గట్లయితే నా ఫోన్ల ఎయ్యి సేటు. నాయక్ ముంగట పెట్టి అందరికి సూపెడత. ఒక్కొక్కని నోరు మూపిస్త. నాకు ఆమె మీద అనుమానం లేదు. మందికి సూపెట్టేది ఉండాలె, గంతే."

"రాత్రికల్లా పంపిస్త," అన్నాడు సుమన్.

మధ్యాహ్నం సుమన్ సరుకు కోసం మానుకోట పోయాడు. పోతూ పోతూ ప్రసన్నకు చెప్పాడు. "గా పండుకున్న ముక్క కోసి అమర్‌సింగ్‌కు పంపు. నీకు వస్తది గద. ఆమె ఇజ్జత్ నీ చేతుల ఉన్నది."

గోదాము పక్క చిన్న గదిలో ఉంటుంది ఆ కెమెరాల పెట్టె. ప్రసన్న తలుపు దగ్గరికి వేసి, నిన్నటి వరండా తెరిచింది. రాజీ వచ్చింది. గంప దించింది. గోనెసంచుల మీద ఒరిగింది. పైనుంచి చూస్తే మనిషి చిన్నగా కనిపిస్తోంది. కాసేపటికి ముఖం మీది కొంగు జారింది. నోరు తెరుచుకుంది. చిన్న గురక. ఒక కాలు మీది చీర పైకి జరిగింది. ఒక ఈగ పెదవి మీద వాలి, లేచి, మళ్లీ వాలింది. ఈ వరండాలో ఇన్నేళ్లుగా చూస్తున్న నిద్రే. కానీ పక్కన కూర్చుని చూసినప్పుడు ప్రసన్న ఇంతసేపు చూసింది లేదు. కూరగాయలు తరుగుతూ, లేస్తూ, తిరుగుతూ ఉండేది. ఇలా కదలకుండా, రెప్ప వేయకుండా ఎవరూ ఎవరి నిద్రనూ చూడరు.

ఇది పంపితే చాలు. రాజీ మీద మాట పోతుంది. వచ్చే అంగడికి రాజీయే వస్తుంది. ప్రసన్న ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చూసుకుంటోంది. అంతలో తెర మీద రాజీ కదిలింది. నిద్రలో ఏదో అంది. స్పష్టంగానే అంది, తన ఇంటి భాషలో. ఒక పేరు పిలిచినట్టుంది, తరువాత కోపంగానో బతిమాలుతున్నట్టుగానో నాలుగు మాటలు. మళ్లీ పడుకుంది.

ప్రసన్న వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. ఏమీ అర్థం కాలేదు. ఇన్నేళ్లలో రాజీ భాష నాలుగు మాటలైనా నేర్చుకోలేదు తను. ఇక్కడ ఎవరికీ అర్థం కాదు అది. నాయక్ ముందు కూర్చునే ప్రతి ఒక్కరికీ అర్థమవుతుంది.

ఆమె రాజీకి ఫోన్ చేసింది. అవతల గొర్రెల అరుపులు, ఎవరో పిల్లలు. రాజీ ఎడంగా నడిచి వెళ్లేదాకా ఆగింది.

"అమర్‌సింగన్న చెప్పిండా?"

"చెప్పిండు. వరండాల గూడ కెమెరా ఉన్నదంట గద. గాడ గూడ ఉన్నదా అక్కా?"

గోదాము కోసం పెట్టామని చెప్పవచ్చు. అది నిజమే. ఆమె పడుకున్నప్పుడు కెమెరా సంగతి తనకు తోచనే లేదని చెప్పవచ్చు. అదీ నిజమే. "ఉన్నది. నీకు చెప్పకపోవుడు నాదే తప్పు," అంది ప్రసన్న.

"నిన్న ఒక్కనాడేనా?"

"వచ్చిన ప్రతిసారి."

"పంపినవా?"

"ఇంకా లేదు. రాజీ, నిద్రల నువ్వు ఏదో మాట్లాడినవ్. మీ భాషల. నాకు సమజ్ కాలే. వినిపించాల్నా?"

"వద్దు!" అంది రాజీ వెంటనే. తరువాత గొంతు తగ్గించింది. "ఏమన్ననో నాకే ఎరుక లేదు. సచ్చిన మా యాడితోని, మా అమ్మతోని మాట్లాడిన్నో, మా అత్తను తిట్టిన్నో. నాకు ఎరుక లేనిది మందికి ఎందుకక్కా?"

"పంపకపోతే నీకు అంగడి బంద్ అంటుండ్రు."

"పంపితే మాట పోతది. నిజమే. గానీ రేపట్నుంచి నేను నీళ్లకు పోతుంటే అందరికి నేను నోరు తెర్సుకొని పండుకున్నదే యాదికొస్తది. పోరగాండ్లు ఫోన్లల్ల తిప్పుకుంటరు. నేను ఏడికన్న పోయి తప్పు జేసిన్నా, సూపెట్టి ఇడిపించుకోను? పండుకున్న. నా నిద్ర నాది గాదా? అంగడి బంద్ జేస్తే జెయ్యనీ. గది మాత్రం సూపియకు."

ఫోన్ పెట్టేసి ప్రసన్న మళ్లీ ఆ పెట్టె వైపు తిరిగింది. సుమన్ వస్తాడు. ముక్క కోయలేదని తెలిస్తే తనే కోసి పంపుతాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు, మాట ఇచ్చాడు కనుక. పెట్టె పాడైందంటే శ్రీశైలాన్ని పిలిపిస్తాడు. ఆమె శ్రీశైలానికే ఫోన్ చేసింది.

"ఒక్క కెమెరాది, ఒక్క రోజుది తుడిచేసుడు ఎట్ల శ్రీశైలం?"

"గట్ల రాదు వదినా. ఈ పెట్టెల ముక్క తీసుడు ఉండదు. కొడితే మొత్తం డిస్క్ ఫార్మాట్ కొట్టాలె. అన్ని కెమెరాలవి, పాతవన్నీ పోతయి." అతను ఆగాడు. "అన్నకు చెప్పినవా?"

"అన్నం తినేటప్పుడు చెప్త. ఎట్ల కొట్టాల్నో చెప్పు."

పాస్‌వర్డ్ ఇంట్లో అందరికీ తెలిసిందే, దుకాణం పాత ఫోన్ నంబరు. శ్రీశైలం చెప్పినట్టు ఒక్కొక్కటే నొక్కుతూ పోయింది. చివర పెట్టె ఒకసారి అడిగింది, అంతా పోతుంది, సరేనా అని. ఆ అంతాలో ఏముందో ఆమెకు తెలుసు. దొంగలు పడితే పట్టించే బొమ్మలూ ఉన్నాయి. కాలేజీ బస్సు ఎక్కని పిల్లవాడు ఉన్నాడు, దవాఖానకని చెప్పి పుట్టింటి బస్సు ఎక్కిన కోడలు ఉంది, గల్లీ మలుపులో నిలబడి ఏడ్చి కళ్లు తుడుచుకుని పోయిన ఎవరో ఉన్నారు. ఆ ఏడ్చిన మనిషి గురించి ఎవరూ ఇంకా అడగలేదు కాబట్టి ఎవరూ ఇంకా చూడలేదు, అంతే. సుమన్ ముఖం గుర్తొచ్చింది. రేపు ఊరు ఏమంటుందో కూడా గుర్తొచ్చింది. తరువాత నొక్కింది.

దుకాణం కట్టేసి సుమన్ లోపలికి వచ్చేసరికి ప్రసన్న కంచాలు పెట్టింది. చింతచిగురు పప్పు, దొండకాయ వేపుడు. సోమేశ్వర్‌కు మెత్తటి అన్నం వేరుగా వండింది. అందరికీ వడ్డించి తను కూడా కూర్చుంది.

సుమన్ మొదటి ముద్ద కలుపుతూనే అడిగాడు. "పంపినవా? అమర్‌సింగ్ తొవ్వల నాకు మళ్లా మళ్లా ఫోన్ జేసిండు."

"లేదు."

"ఎందుకు? ముక్క కోసుడు రాలేదా?"

"కొయ్యను ఏం లేదు. తుడిచేసిన."

"ఏది, వరండాదా?"

"అంతా. అన్ని కెమెరాలవి."

సుమన్ కలిపిన ముద్ద కంచంలో వదిలేశాడు. "మతి ఉన్నదా నీకు? ఊరోళ్లవన్నీ అండ్లనే ఉన్నయి. గది పక్కకు పెట్టు. రేపు నాయక్ ముంగట ఏమంటరో ఎరుకేనా? సేటు ఇంటోళ్లే మాపినరంటరు. ఏదో ఉన్నది, గందుకే మాపినరంటరు. గల్లీల గోదాము ఎవరిది? మనది. రాజీ మీది మాట మన మీదికి వస్తది. నా మీదికి వస్తది, బాపు మీదికి వస్తది."

"వస్తదని తెలుసు. అది గూడ అనుకున్నంకనే కొట్టిన."

"ఏముండె గండ్ల?" అని అడిగాడు సోమేశ్వర్. కోపంగా కాదు, సరుకు గురించి అడిగినట్టు అడిగాడు.

"ఏం లేదు మామయ్యా. పండుకున్నది. మీ కొడుకు చెప్పినట్టే, చూపిస్తే అనుమానం పోయేదే."

"మరింకేం?"

"నిద్రల మాట్లాడింది. వాళ్ల భాషల. ఏమన్నదో నాకు తెల్వదు, ఆమెకు తెల్వదు. అది తెలిసేటోళ్ల చేతులకు మనం ఎట్ల ఇస్తం? ఇయ్యొద్దని ఆమె చెప్పింది. ఆమె ఇంటి గడపలోపల తీసింది కాదు, మన గడపల తీసినం. ఆమెకు చెప్పకుంట తీసినం."

సులోచనమ్మ కొడుకు వైపు, కోడలి వైపు చూసి, నెయ్యి గిన్నె ఎవరికీ అందించకుండా తన దగ్గరే పెట్టుకుంది.

"గంత నీతులు చెప్తున్నవ్," అన్నాడు సుమన్. గొంతులో పదును తగ్గింది, బాధ మిగిలింది. "రేపు పంచాయితీల వాళ్లకు ఏం చూపెడతవ్?"

"ఏం చూపెట్ట. నేనే పోత."

"ఏడికి?"

"తండాకు. పొద్దుగాల ఆటోకు పోత. రాజీ పక్కన కూసుంట. నాయక్ ఉన్నా, ప్రేమ్‌సింగ్ ఉన్నా, అడిగినోళ్లకు అడిగినట్టు నా నోటితోనే చెప్త. ఏ మూలకు పండుకుంటదో, ఎట్ల పండుకుంటదో కాదు. మా ఇంట్ల ఉన్నది, నేను ఉన్న, గంత మట్టుకే చెప్త."

"మనింటి ఆడోళ్లు గిరాకోళ్ల ఇండ్లకు పోయిండ్రా ఎన్నడన్న?"

"పోలేదు. రేపు పోతున్న."

"నమ్మకపోతే?"

ఈ ప్రశ్న మధ్యాహ్నం నుంచీ ప్రసన్న కూడా వేసుకుంటూనే ఉంది.

"నమ్మకపోతే మళ్లీ చెప్త. నమ్మేదాకా ఆడనే కూసుంట. మన వల్ల వచ్చిన మాట ఇది, రాజీ ఒక్కతే ఎందుకు పడాలె?" ఆమె మజ్జిగ గిన్నె మామగారి వైపు జరిపింది. "వరండా కెమెరా శ్రీశైలం పొద్దుగాల వచ్చి విప్పుకపోతడు, చెప్పి పెట్టిన. రోడ్డు మీదిది ఉంచుకోండ్రి, గానీ దొంగలు పడితే తప్ప ఎవ్వరికీ చూపొద్దు. అత్తమ్మా, నేను ఎప్పుడొస్తనో తెల్వదు. రేపటి వంట మీదే."